మూడోది ఉలిక్కిపడకుండా

డెల్ఫ్ట్‌లో ఫిబ్రవరి. కాలువ మీద మంచు
పగలాలో కరగాలో తేల్చుకోలేక నలుపెక్కింది.
ప్రయోగశాల నేలమాళిగలో మాత్రం ఋతువులు లేవు.
పంపు ఒకటి తన ఊపిరి తానే లెక్కపెట్టుకుంటోంది.

గుండ్రటి రాగి పళ్ళేలు, బంగారు పూత,
దిగేకొద్దీ చలి.
అట్టడుగున, చలికే చలి వేసే చోట,
గోరంత చిప్పు మీద అయిదు ఎలక్ట్రాన్లు,
గూటికొకటి.
బొంగరాలు అంటే సీత్సె ఒప్పుకోడు.
"తిరిగేదేమీ లేదక్కడ. పైకో కిందికో చూపు, అంతే."

పైన పరిచిన కోబాల్ట్ పలక
అయిదింటికీ అయిదు పేర్లు పెట్టింది:
పద్దెనిమిది గిగాహెర్ట్జ్, ఆపైన కాస్త, ఆపైన ఇంకాస్త.
పేర్లు మరీ దగ్గర,
రమ, రమణి, రమ్య ఒకే బెంచీలో కూర్చున్నట్టు.

యిల్దౌ రెండోదాన్ని పిలుస్తుంది.
మూడోది పలుకుతుంది.
ప్రతిసారీ కాదు. నూటికి తొమ్మిదిసార్లు,
నిద్రలో పక్కకు ఒత్తిగిలినట్టు.

గొంతు తగ్గించమన్నాడు సీత్సె.
తగ్గించింది. రెండోది తిరగడానికి ఎంతసేపు పట్టిందంటే
తిరిగేలోపే
ఎటు తిరగాలో మరిచిపోయింది.
ఆలస్యం అమృతం విషం.
ఇక్కడ ఆ సామెతకు గడువు ఇరవై మైక్రోసెకన్లు.

రాత్రి పదకొండు. చల్లారిన కాఫీ. తెర మీద పల్స్:
నిట్టనిలువు గోడ, బల్లపరుపు కప్పు, మళ్ళీ గోడ.
తలుపు దభాలున తీసి దభాలున వేసినట్టు.
ఆ చప్పుడు ఒక్క శ్రుతిలో ఉండదు;
అంచుల్లోంచి చిల్లర శ్రుతులు రాలి
పొరుగిళ్ళ కిటికీలకు తగులుతాయి.

అప్పుడు బౌక్యా పిన్ని గుర్తొచ్చింది.
ఫ్రీస్‌లాండ్, నలభై మూడు ఆవులు, రబ్బరు బూట్లు.
పిన్ని అరవగా యిల్దౌ ఎన్నడూ వినలేదు.
అరిస్తే నలభై మూడు తలలూ లేస్తాయి.
కంచె దగ్గర నిలబడితే ముందు ఉత్త ఊపిరే;
ఊపిరి మెల్లగా గొంతయ్యేది,
గొంతు నిండేది, నిండినచోట కాస్త నిలిచి
వచ్చిన దారినే మళ్ళీ ఊపిరయ్యేది.
పొగమంచులోంచి ఒకే ఒక్క ఆవు,
కుడిచెవి చిరిగినది, నడిచొచ్చేది.
దాని పక్కది నెమరైనా ఆపేది కాదు.

ఫోన్ చేద్దామనుకుంది.
నాలుగున్నరకు లేచి పాలు పితికే మనిషి.
చేయలేదు.

గోడలు కూల్చింది యిల్దౌ.
అంచులకు వాలు ఇచ్చింది,
నడుమను బోర్లించిన గిన్నెలా గుండ్రం చేసింది.
ఎక్కేటప్పుడు ఇటు కొంచెం, దిగేటప్పుడు అటు కొంచెం
పక్కవాటుగా ఇంకో చిన్న అలను కలిపింది,
మూడోదాని చెవిలో
"నిన్ను కాదులే" అన్నట్టు.

తొలిసారి తప్పింది. గుర్తు తారుమారై
మూడోది మరింత గట్టిగా ఒత్తిగిలింది.
సీత్సె పగలబడి నవ్వాడు. ఆమె నవ్వలేదు.
కూడికను తీసివేత చేసింది.

రెండోది తిరిగింది,
ఒద్దికగా, చెప్పినంత మేరకే.
మూడోది
వెయ్యిసార్లకు నాలుగుసార్లు.
సున్నా కాదు.
సున్నా వేద్దామని చెయ్యి దురద పెట్టింది కానీ
నాలుగనే రాసింది.
నాలుగో ఎలక్ట్రాన్ సంగతి ఇంకా చూడనేలేదు.

తెల్లారాక సైకిళ్ళు తీసుకుని బయటికొచ్చారు.
వంతెన మీద ఒక ముసలాయన
దారికి అడ్డంగా నడుస్తున్న కుర్రాడి కోసం,
వాడొక్కడి కోసమే,
ట్రింగుమని గంట కొట్టాడు.
వంతెన మీద అందరూ తిరిగి చూశారు,
వీళ్ళిద్దరితో సహా,
కింద మంచు అంచున నిలబడ్డ బాతుతో సహా,
చెవుల్లో పాట పెట్టుకున్న
ఆ కుర్రాడు తప్ప.